కుడి బాణం

పోయిన ఆదివారం రేవు పక్క వాట్‌గంజ్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి వదిన నీళ్ళ డ్రమ్ము ఖాళీ చేసి కడుగుతోంది. "మంచేలకొచ్చినావు మరిదీ, ఓ సెయ్యెయ్యి," అంది. ఇద్దరం కలిసి డ్రమ్మును గోడ వైపు జరిపాం. దాని కింద ఎత్తు కోసం వేసిన చదరపు చెక్క బయటపడింది. చెక్క నిండా పాచి, సబ్బు మరకలు. వదిన గుడ్డతో ఒక తుడుపు తుడిచేసరికి పసుపు రంగు బాణం ఒకటి పైకి చూస్తూ కనిపించింది. ఇంకో తుడుపుకి ఎడమ బాణం, మరో తుడుపుకి కింది బాణం. కుడి బాణం ఉండాల్సిన గడిలో మాత్రం రంగు లేదు. అక్కడ ప్లైవుడ్ ఉబ్బి, తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. "ఇదింకా ఉందేటి!" అని వదిన నవ్వి, ఆ గడిని తాకిన చేతిని తెలియకుండానే కళ్ళకద్దుకుంది. ఆ చెయ్యి కళ్ళ దాకా వెళ్ళడం చూసి నేను డ్రమ్ము సంగతి మరిచిపోయాను. ఆ చెక్కను తయారు చేసినవాణ్ణి నేనే. దాన్ని పాడుచేసినవాణ్ణి కూడా, ఒక విధంగా, నేనే.

ఇది ఆరేడేళ్ళ కిందటి వర్షాకాలం సంగతి. అన్నయ్య అప్పటికి రేవులో క్రేను పని నుంచి రిటైరై కిటికీ పక్క మంచం మీద స్థిరపడ్డాడు. వదినకు యాభై నిండాయి. విజయనగరం పక్క పల్లె నుంచి ఈ బెంగాలీ ఊరికి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆవిడ మాట ఆ పల్లె దాటి రాలేదు. బెంగాలీ కూడా అదే యాసలో మాట్లాడుతుంది, బజారులో చేపలవాడు దానికి అలవాటు పడిపోయాడు. ఆ ఏడు ఎండలు తగ్గుతుండగా రక్తపరీక్ష చేయిస్తే షుగరు బాగా ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరుగారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, మూడు నెలలు గడువిచ్చారు. మందు వేసుకోవాలి, అన్నం తగ్గించాలి, రోజూ చెమట పట్టేలా నడవాలి. దసరా పూజలకు ముందు మళ్ళీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ సూది. మా వదిన దేనికీ భయపడే మనిషి కాదు. రేవు రోడ్డులో లారీ డ్రైవరుతో ఒంటరిగా పోట్లాడి లారీని వీధి చివరి దాకా వెనక్కి నడిపించిన మనిషి. కానీ సూది పేరెత్తితే ముఖంలో రంగు పోతుంది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో పొట్ట మీద సూదులు పొడుచుకోవడం చూసిందట. "సచ్చినా నాను పొడుసుకోను," అని డాక్టరుగారి మెట్ల మీదే తేల్చి చెప్పేసింది. పోనీ నడవమంటే ఎక్కడ నడుస్తుంది? బయట అడుగు పెడితే కంటైనరు లారీలు, వాన పడితే మోకాలి లోతు నీళ్ళు. రెండు రోజులు నడిచింది. మూడో రోజు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, చీర సగం దాకా బురదతో వచ్చి, "ఇంక నడకా లేదు, గిడకా లేదు," అని మెట్ల మీద కూలబడింది.

అన్నయ్య కూతురు అప్పుడు కాలేజీలో చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం అంతంత మాత్రం. నేను తెలుగులో మెసేజి పెడితే "చిన్నాన్నా, ఫోన్ చేసి చెప్పు" అని జవాబు పెట్టేది. ఆ పిల్ల స్నేహితురాలి దగ్గర నుంచి మడతపెట్టే ప్లాస్టిక్ చాప ఒకటి పట్టుకొచ్చింది. దాని మీద ముందుకు, వెనక్కు, ఎడమకు, కుడికి నాలుగు బాణాలు. చాప తీగను కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద పాట మొదలై, కింది నుంచి బాణాలు ఒకటొకటిగా పైకి లేస్తాయి. ఏ బాణం పై గీతను తాకిందో ఆ బాణం మీద సరిగ్గా ఆ క్షణానికి కాలు పడాలి. ఒకటీ అరా తప్పితే ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. మరీ ఎక్కువ తప్పితే పాట సగంలోనే ఆగిపోతుంది. కూతురు గెంతుతుంటే వదిన వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఇదేటే, తొక్కుడుబిళ్ళా?" అంది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళలో వాళ్ళ పల్లెలో తనను మించినవాళ్ళు లేరట. కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని చాప ఎక్కింది. నాలుగో అడుగుకే పాట ఆగిపోయింది. "గెంటీసిందేటే నన్ను? మళ్ళీ ఎట్టు," అంది. ఆ సాయంత్రం పదిసార్లు గెంటించుకుంది. చివరికి కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది, "ఇది నడక్కిందికి ఒస్తాదేటి?"

"నడక కంటే ఎక్కువే అమ్మా," అంది కూతురు. సూది నుంచి తప్పించుకునే దారి వదినకు ఆ క్షణంలో దొరికింది.

ప్లాస్టిక్ చాప పది రోజులు బతికింది. ఆ చాపల గుణం నాకు తర్వాత అర్థమైంది. గచ్చు మీద నిలవవు, కాలుతో పాటు జారుతూ గోడ దాకా వెళ్ళిపోతాయి. మడతపెట్టిన చోటల్లా లోపలి తీగ తెగుతుంది. పైగా గడులన్నీ ఒకే ఎత్తులో నున్నగా ఉండటం వల్ల కాలికి తన చోటేదో తెలియదు. లోపల స్పాంజి పలకలు పెట్టినవి కొంత మేలు, ఇనుముతో చేసినవి ఉత్తమం. అయితే వాటి ధర, వాటి బరువు, రెండూ మా మెట్లు ఎక్కేవి కావు. అప్పుడు నేను కల్పించుకున్నాను. నేను పదో తరగతితో బడి మానేసి గోదాములో గుమాస్తాగా చేరినవాణ్ణి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ గ్రంథాలయాల్లో నేర్చుకున్నవే. తెలుగు సంఘం వాళ్ళ చదువుల గదిలోని మూడు బీరువాలనూ ఖాళీ చేశాక, ఆదివారాలు ఊళ్ళోని పెద్ద గ్రంథాలయానికి పోయి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. విద్యుత్తు మీద రెండు, వడ్రంగం మీద ఒకటి పూర్తి చేసి ఉన్నాను. "వదినా, నీకు చెక్కతో చేసిపెడతాను," అన్నాను. మంచం మీంచి అన్నయ్య, "పుస్తకంలో సెక్క ఏరు, సేతిలో సెక్క ఏరు," అన్నాడు. వినిపించుకోలేదు.

ఖిదిర్‌పూర్‌లో పాత ఓడల సామాను అమ్మే కొట్టులో ఏ ఓడ గదిలోంచి ఊడదీశారో గాని మంచి ప్లైవుడ్ దొరికింది. దాన్ని తొమ్మిది గడులుగా విభజించాను. నాలుగు మూలలు, నడిమి గడి కదలకుండా బిగించేవి. మిగిలిన నాలుగూ బాణాలు. సూత్రం చాలా చిన్నది. బాణం గడి కింద రెండు రేకులు, వాటి మధ్య అంచుల వెంబడి కిటికీ రెక్కలకు అంటించే స్పాంజి పట్టీ. కాలు పడితే స్పాంజి అణిగి రేకులు ముద్దుపెట్టుకుంటాయి, కాలు తీస్తే విడిపోతాయి. ఆ సంగతిని తీగ కంప్యూటరుకు చెబుతుంది. చాందినీ బజారులో కొన్న పాత ఆటల రిమోటు విప్పి, దాని బొత్తాల తీగలను ఈ రేకులకు అతికించాను. సూత్రం చిన్నదే అయినా పనంతా స్పాంజి మందంలో ఉంది. మందం ఎక్కువైతే ఎద్దు తొక్కినట్టు తొక్కాలి. తక్కువైతే ఎవరూ ఎక్కకుండానే బాణం దానంతటదే పలుకుతుంది. రెండు ఆదివారాలు పట్టింది. వదిన పసుపు రంగుతో బాణాలు వేసింది, స్కేలు లేకుండా, ముగ్గు వేసే చేత్తో. నేను స్కేలు పెట్టి కొలిచి చూశాను. నాలుగూ సమానంగా ఉన్నాయి.

మొదటి రోజే కింది వాటాలో ఉండే, అందరూ మాషీమా, అంటే పిన్నమ్మ, అని పిలిచే బెంగాలీ ఆవిడ చీపురుకర్రతో తన పైకప్పును, అంటే మా గచ్చును, పొడవడం మొదలుపెట్టింది. కాసేపటికి తనే మెట్లెక్కి వచ్చి, వదినను వాళ్ళ భాషలో బౌది అని పిలుస్తూ, "భూకంపమా, బౌది?" అని అడిగింది. అన్నయ్యకు అప్పటిదాకా లేని ఉత్సాహం వచ్చింది. రేవులో పాత స్నేహితుడిని అడిగి, సరుకు మోసే బెల్టు నుంచి కోసిన రబ్బరు ముక్క తెప్పించి చెక్క కింద పరిపించాడు. చప్పుడు సగానికి పైగా తగ్గింది. ఆ మర్నాటి నుంచి మాషీమా తిట్టడానికి కాక చూడటానికి వచ్చి, గుమ్మంలో మోడా, అదే వెదురు పీట, వేసుకుని కూర్చునేది.

ఇక నేను చేసిన ఘనకార్యం. చెక్క సిద్ధమైన రోజున ఊరికే ఉండలేక ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. నాట్యం గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను కదా. నాట్యం చేసేవాళ్ళు అడుగు వేసే ముందు భూదేవికి నమస్కరించి, నిన్ను తొక్కబోతున్నాను, మన్నించు అని వేడుకుంటారని, అడుగుకు అంత మర్యాద ఉందని చెప్పాను. కూతురు ఫోను చూసుకుంటోంది. అన్నయ్య అటు తిరిగి పడుకున్నాడు. వదిన ఒక్కతే చేతులు కట్టుకుని మొత్తం విన్నది. నా చదువును ఆ ఇంట్లో నమ్మిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఆవిడ నేర్చుకున్న తీరు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రోజూ సాయంత్రం వంట ముగించి ముప్పావుగంట గెంతేది. మొదటి వారానికే కాళ్ళ వైపు చూడటం మానేసింది. అదెలా అని అడిగితే, "మా వూళ్ళో తప్పెటగుళ్ళోళ్ళు గెంతినప్పుడు కిందకి సూస్తారేటి?" అంది. పాట మాటలు ఆవిడకు అర్థం కావు, ఏ దేశం పాటలో కూతురికే తెలియదు. తాళం మాత్రం పట్టేసేది. రెండు బాణాలు ఒకేసారి లేస్తే కూతురు కంగారుపడేది, వదిన పీట మీంచి దిగినంత నిదానంగా రెండు కాళ్ళూ ఒక్కసారి దించేది. కూతురు అన్నిటికన్నా కష్టమైన పాట ఒకటి తీసి, ఇది ఆగకుండా చివరి దాకా ఎవరు తొక్కుతారో చూద్దామంది. "నానే," అంది వదిన. వారానికోసారి వేలు పొడిచి షుగరు చూసే పని కూతురిది. ఆ చిన్న సూదికే వదిన కళ్ళు మూసుకునేది. అంకె మెల్లగా దిగుతోంది.

అంతలో కుడి బాణం పోయింది. ఎంత తొక్కినా పలకదు. పాట ఆగిపోతుంది. నేను ఆదివారం పొద్దున వెళ్ళి స్క్రూలు విప్పి చూస్తే రేకుల మీద గోధుమ రంగు తుప్పు. గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, కొత్త స్పాంజి వేసి మూశాను. నాలుగు రోజులకు మళ్ళీ పోయింది. మళ్ళీ రుద్దాను, మళ్ళీ పోయింది. ఈ ఊరి గాలిలో తేమ అనుకుందామంటే మిగిలిన మూడు గడుల రేకులూ అద్దంలా ఉన్నాయి. శాస్త్రీయంగా ఆలోచించి ఎడమ గడిని కుడికి, కుడి గడిని ఎడమకు మార్చాను. జబ్బు గడిదా చోటుదా తేలిపోవాలి. జబ్బుపడ్డ గడి ఎడమకు వెళ్ళి హాయిగా బతికింది, ఆరోగ్యంగా ఉన్న గడి కుడికి వచ్చి తుప్పు పట్టింది. గ్రంథాలయానికి వెళ్ళి మనిషి పాదం మీద పుస్తకం తీశాను. చాలామందికి కుడికాలు బలమని ఉంది. అంతే, దొరికిందనుకున్నాను. కుడికాలి దెబ్బకు పై పూత రాలి రేకు తుప్పు పడుతోంది! ఇంకా దళసరి రేకు వేశాను. అదీ పోయింది. ఈ లోగా బాగుచేసే ఆదివారం దాకా వదిన రోజుల తరబడి ఊరికే కూర్చోవలసి వచ్చేది, వేలు మీద అంకె మళ్ళీ పైకి చూడటం మొదలుపెట్టింది. పరీక్షకు మూడు వారాలుంది. "ఏటి మరిదీ, నాకా సూది రాసిపెట్టుందేటి?" అని అడిగింది ఒకరోజు. నవ్వుతూనే అడిగింది, కానీ చెయ్యి పొట్ట మీద ఉంది.

ఆ ఆదివారం గడిని మళ్ళీ బాగుచేశాను. బుధవారం పెద్ద వాన. గోదాములోకి నీళ్ళొచ్చి తొందరగా వదిలేశారు. రోజూ నేను వెళ్ళేసరికి వదిన పాట మధ్యలో ఉండేది, ఆ రోజు ఇంకా మొదలుపెట్టలేదు. నేను గోడకానుకుని కూర్చున్నాను. వదిన కుచ్చెళ్ళు దోపుకుంది. చెక్కకు కుడి పక్కన ఉన్న వరండాలోకి వెళ్ళి, కుళాయి కింద మడమలు, వేళ్ళ సందులు రుద్ది రుద్ది కాళ్ళు కడుక్కుంది. అలాగే వచ్చి, మంచి పనికి గడప దాటేటప్పుడు పెట్టినట్టు కుడికాలు ముందు పెట్టి, కుడి బాణం మీద నిలబడింది. పాదాల నుంచి నీళ్ళు ధారగా కారి గడి అంచు సందులోకి దిగిపోతున్నాయి. వంగి, తడి చేత్తో చెక్కను తాకి, కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది.

"ఏటది వదినా?" అన్నాను.

"ఏటేటి? కాళ్ళు కడుక్కొచ్చినాను."

"రోజూ ఇలాగేనా?"

"మరి? నువ్వే గదా సెప్పినావు, అడుగేసే ముందు భూదేవికి దణ్ణం ఎట్టుకోవాలని. మురికి కాళ్ళతో ఎట్టుకుంతారేటి దణ్ణం?"

స్క్రూడ్రైవరు తెచ్చి గడి విప్పి చూపించాను. స్పాంజి నీళ్ళు పీల్చి ఉబ్బి, పిండితే కారుతోంది. మంచం మీంచి అన్నయ్య తల ఎత్తకుండానే, "నానప్పుడే అన్నాను, ఈడి సదువు కొంప ముంచుతాదని," అన్నాడు. కూతురు పడీపడీ నవ్వింది. వదిన మాత్రం నవ్వలేదు. ఆ స్పాంజిని చేతిలోకి తీసుకుని మళ్ళీ పిండి చూసింది. ఇన్నాళ్ళూ తన భక్తే తనను సూది వైపు నెడుతోందని అర్థమైన ముఖం అది.

"కడగడం మానెయ్యి వదినా," అన్నాను.

"మానను."

"పోనీ, ఎక్కే ముందు తుడుచుకో."

"తుడుసుకుంతాను. రెండు రోజులు తుడుసుకుంతాను, మూడో రోజు మరిసిపోతాను. అలవాటు కాలిది మరిదీ, బుర్రది కాదు. కాలు ఏటెల్తాదో అటే దారెయ్యాల." చెక్క చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "తీగల్లేని గడులేవి?"

"నాలుగు మూలలు, నడిమి గడి."

"మరింకేటి? ఆ ఎనక మూల నా గడప."

బియ్యం గోనెసంచి కత్తిరించి నాలుగు మడతలు కుట్టి, కుళాయి వైపున్న వెనక మూల గడి మీద మేకులతో బిగించింది. వరండాలోంచి వచ్చే దారికి అడ్డంగా కుర్చీ ఒకటి వేసి, నేరుగా ఆ మూలకే వచ్చేలా చేసుకుంది. కుడికాలు గోనెపట్టా మీద పడుతుంది, దణ్ణం పెట్టుకుని లేచేసరికి తడంతా గోనె తాగేస్తుంది. మర్నాడు నేను వెళ్ళి చూస్తే ఆ మూల అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నా రెండు విద్యుత్తు పుస్తకాలకూ, పాదం మీది పుస్తకానికీ తోచని మరమ్మతు అది. ఆ తర్వాత కుడి బాణం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఊరికే కూర్చున్న రోజులన్నిటికీ కలిపి వదిన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కేది. పరీక్షకు రెండు రోజుల ముందు ఆ కష్టమైన పాటను చివరి దాకా తొక్కేసింది. ఎన్ని బాణాలు తప్పాయని కూతురు చెప్పబోతే, "గెంటీలేదు గదా, సాలు," అంది. మాషీమా మోడా మీంచి లేచి, బెంగాలీ ఆడవాళ్ళు పండగనాడు చేసినట్టు నాలుక ఆడిస్తూ ఉలూ అని మంగళధ్వని చేసింది.

పరీక్ష కాగితం పట్టుకుని ఆవిడతో డాక్టరుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. డాక్టరుగారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, నడక బాగా సాగుతోందన్నమాట, అన్నారు. వదిన తన విజయనగరం బెంగాలీలో, "హాంటి నా డాక్తార్‌బాబు, నాచి," అంది. నడవను, నాట్యం చేస్తాను అని. ఆయన నా వైపు చూశారు. నేను రేకులు, స్పాంజి అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి, సూది ఇప్పుడు అక్కర్లేదు, అన్నారు. మూడు నెలల కిందట సూది పొడుచుకోనని తేల్చిన మెట్ల మీదే వదిన ఆగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మరిదీ, ఎడమ గడి స్క్రూ వొదులైనాది. పద, ఎల్లి బిగించు," అంది.

ఆ చెక్కను తర్వాత డ్రమ్ము కిందికి దించి, కొత్తది చేశాను. అంచులకు రబ్బరు వేసి నీటి చుక్క దిగకుండా బిగించాను. అయినా వెనక మూల గోనెపట్టా ఉండాల్సిందేనంది వదిన. షుగరు పెరుగుతుంది, తగ్గుతుంది, సూది మాత్రం ఇప్పటిదాకా ఇంటికి రాలేదు. అన్నయ్య కూతురు ఉద్యోగంలో చేరినా అమ్మకు పాటలు ఎంచిపెట్టే పని వదల్లేదు. లోకంలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటివి కట్టుకుని ఇంటర్నెట్‌లో ఫోటోలు పెడతారట. తనూ మా చెక్క ఫోటో పెడితే, ఆ మూల పసుపు, ఎర్ర చుక్క ఏ రకం సెన్సరు అని ఎవరో అడిగారట. గడపను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, తడిని బయటే ఆపేది అని రాశానంది. అంతకంటే మంచి అనువాదం నాకూ తట్టలేదు.

డ్రమ్ము మళ్ళీ చెక్క మీదికి ఎక్కించాం. విచ్చుకున్న కుడి గడి డ్రమ్ము కిందికి వెళ్ళిపోయింది. వదిన కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టింది, ఆవిడ సాయంత్రపు వేళ అయింది. కాలం కూడా ఇంట్లోకి తడికాళ్ళతోనే వస్తుందనుకుంటాను. ఎప్పుడు అడుగు పెట్టిందో ఎవరూ చూడరు, ఎక్కడెక్కడ తుప్పు పట్టిందో మాత్రం తర్వాత కనిపిస్తుంది. మా వదిన దానికీ ఎక్కడో ఒక గోనెపట్టా వేసి ఉంచినట్టుంది.